అరిటాకు మీద పదకొండు రోజులు

మొదలు నోట్ల లేసింది.
సద్దన్నంల ఉప్పు తగిలినా
కండ్లల్ల నీళ్లు దిరిగేటియి.
వేడి చేసిందన్నరు, సబ్జగింజలు నానవెట్టి తాగిన.
పండ్ల డాక్టరు మంచి పన్నొకటి పీకిండు.
ఆ సందు ఇప్పటికీ నాలికకు తగుల్తది.

ఎనక ఈపు మీద, రొమ్ముల నడుమ
నీళ్ల బుగ్గలు.
సర్పి అన్నడు కుమ్మరి బాలకిష్టయ్య,
జాజు కలిపి సింహం గీసిండు.
సింహం ఎండింది, పగిలింది,
తోలుతోటి ఊడొచ్చింది.
ఆయన తప్పేం లేదు,
ఆరెంపీ ఇచ్చిన మూడు ట్యూబులు
ఏ బొమ్మా గీయకుండనే ఓడిపోయినయి.

నేను కల్వకుర్తి డిపోల కండక్టర్ను.
అచ్చంపేట బస్సుల టికెట్టు చింపిస్తే
కొసలు పట్టుకొని తీసుకునేటోళ్లు.
చిల్లర నా అరచేతిల పెట్టకుండ
జానెడు పైనుంచి ఇడిచేటోళ్లు.
రూపాయి బిళ్ల పడ్డ సప్పుడు
ఒక్కోపారి ఇంజను కన్న గట్టిగ ఇనవడేది.

పాలమూరు పెద్దాసుపత్రిల
నుస్రత్ డాక్టరమ్మ "నోరు తెరువు ఈదమ్మా" అన్నది.
రెండేండ్ల సంది
ఈపు చూసినోళ్లు నోరు చూడలే,
నోరు చూసినోడు ఈపు చూడలే.
పుండు పక్కపొంటి, మంచిగున్న తోలు మీద
బొటనేలు పెట్టి మెల్లగ నూకింది.
జరిగింది తోలు,
కాగిన పాల మీద మీగడ జరిగినట్టు.
చేతికి తొడుగు లేదు ఆమెకు.
మరిచిందో, కావాల్ననే ఏసుకోలేదో.

రెండు ముక్కలు కోసిండ్రు, కందిబ్యాడలంత.
ఒకటి ఇక్కడ్నే, ఒకటి సీసల పట్నానికి.
పన్నెండు దినాలకు ఫోన్ల ఫోటో చూపిచ్చింది:
చీకట్ల పచ్చగ మెరిసే చాపల వల.
"ఇది నీ తోలే.
నీ రగుతమే దానికి పగోడైంది,
ఇటుక నడుమ సిమెంటు తింటుంది.
ఒకరికి అంటేది గాదు."
పెంఫిగస్. ఆ పేరు టికెట్టు ఎనక రాసుకున్న,
ఎవరన్న అడుగుతరని.
ఎవ్వరూ అడగలే.

వార్డుల దుప్పటి ఈపుకు అతుకుతుండె.
తెల్లారితే ఒక పొర దుప్పటికే పోయేది.
రాత్రి డ్యూటీ సిస్టరు కరుణామణి
మెస్సు నుంచి అరిటాకులు తెచ్చి పరిచింది.
సల్లగ, జారుగ.
ఎవరికో వడ్డిచ్చి తినకుండ ఇడిచిన అన్నం లెక్క
పండుకున్న, పదకొండు రోజులు.

గోలీలకు మొఖం పూరీ లెక్క ఉబ్బింది,
షుగరొచ్చింది, నిద్ర వోయింది.
"తక్కువైతదా?" అంటే
"అణిగుంటది" అన్నది డాక్టరమ్మ.
ఒక్క మాట ఎక్కువ చెప్పలే.
ఆ మాట మీదనే గోలీలు మింగుతున్న.

మల్ల డ్యూటీ ఎక్కిన.
నిన్న వంగూరు గేటు కాడ ఎక్కినామె
మజ్జిగ ప్యాకెట్టు నోట్ల పెట్టి
బుగ్గ పట్టుకొని ఉమ్మేసింది.
"ఎన్నాళ్ల సంది?" అన్న.
"ఈపు మీద గూడ ఉన్నయా?"
ఉలిక్కిపడి కొంగు సదురుకుంది.
జీరో టికెట్టు ఎనక రాసిచ్చిన,
ఓపీ మంగళారం, రూము నంబరు ఆరు.

కొసలు పట్టుకొనే తీసుకుంది.
మడిచి రొండిల దోపుకుంది.