పక్కన గుచ్చాల

జహ్రాలో ఈ ఇంట్లో ఏడేండ్లుగా
ఉమ్ ఫవాజ్ వేలికి సూది గుచ్చేది నేనే.
పొద్దున ఆరుకొకసారి, మగ్రిబ్ అజా ముందొకసారి.
చుక్క రాకుంటే వేలిని అడుగు నుంచి పైకి పిండాలని,
కొన మీద గాదు, పక్కన గుచ్చితే నొప్పుండదని
నాకెవురూ చెప్పలే.
ఆమె మొగం చూసి నేర్చుకున్యా.

పోయిన చలికాలం నాకూ చక్కెరే అన్నారు.
మలయాళీ నర్సు చిన్న డబ్బా చేతిలో పెట్టి
రోజూ చూసుకో అనింది.
నాకు చేతగాదు సిస్టర్, చదువు రాదు అన్యా.
రెండు వందలు దాటితే
పెన్ను ఎన్ని టిక్కులు తిప్పాల్నో తెలుసు గానీ
అది ఆమె ఒంటి లెక్క.
నా ఒళ్ళు నాకు ఒప్పజెప్పిందెవురు?

డబ్బా పోయి సూట్‌కేసులో, చీరల కింద పండుకునింది.
రాత్రి పన్నెండుకి మిగిలిన మచ్‌బూస్,
నిలబడే తాగే చాయ్,
అరికాళ్ళలో చీమలు.
రాయచోటి నుంచి చెల్లెలు
కాకరకాయ రసం తాగక్కా అంటాది.
ఈడ కాకరకాయ కొనాలంటే
శుక్రవారం రావల్ల, డ్రైవరు ఒప్పుకోవల్ల.

ఒకనాడు మెట్ల మీద కండ్లు తిరిగి కూలబడితే
ముసలామె గోడ తడుముకుంటా వచ్చింది.
ఆమెకు చూపు సగమే.
నా చెయ్యి ఒళ్ళో పెట్టుకోని
కొత్త సూది తీసి
గుచ్చింది. కొన మీదనే. మంట!
"లా మామా, పక్కన, పక్కన!"
తెలుగులోనే అరిచినా.
పండ్లు లేని నోటితో నవ్వింది:
"ఇంతి తఅర్ఫీన్."
నీకు తెలుసులే అని.

రెండు వందల ఎనభై ఆరు.

మర్నాడు నాలుగు సార్లు గుచ్చుకున్యా, భయానికి.
ఆ మర్నాడు రెండు.
ఐదోనాడు ఒక్కటే.
బకాలా క్యాలెండరు వెనక అంకెలు రాస్తా వచ్చినా,
వంకర్లు పోతే పోనీ.
మేడమ్‌ను అడిగినా: నా తిండి రెండింటికే కావల్ల.
కనుబొమ్మ ఎగరేసి పోయింది.
వారం ఆగి మళ్ళా అడిగినా.
ఇప్పుడు రెండింటికి సగం ఖుబూస్, ఇంత పప్పు.
అది దొరికినాక
కాళ్ళకు బూట్లు గూడా అడిగినా.

రంజాన్‌లో అంతా తలకిందులు.
ఇల్లు రాత్రంతా మేలుకోని తింటాది,
నా అంకె మళ్ళా రెండు వందల అరవై.
ఏడ్చినా, అబద్ధమెందుకు.
డబ్బాను మటుకు చీరల కిందికి పోనీలే.

ఆరయితాంది.
ఈ మధ్య ముందు నా వేలు చూసుకోని
తర్వాతే ఆమెది పట్టుకుంటాండా.
ఆ మాట ఆమెకింకా చెప్పలే.