గాజు పలక

అరండల్‌పేటలో మా స్టూడియో మేడగదికి
ఉత్తరాన ఒకటే కిటికీ.
దాని కింద నా బల్ల,
సూదిమొన పెన్సిలు, పల్చటి కత్తి,
గాజు పలకలో గరికెపూడి జమీందారు గారి కుటుంబం.
నెగెటివు కదా, అందరివీ నల్లటి మొహాలు, నెరిసిన జుట్లు.
పెళ్లికూతురి మెళ్లో ముత్యాలు
మిరియాల్లా ఉన్నాయి.

దివాను పానకాలరాయుడు గారు
కుర్చీ వేసినా కూర్చోలేదు.
"రెండో వరసలో ఎడం నించి మూడో ఆమె,
ఆమె వెనక నుంచున్న కుర్రాడు.
ఇద్దరూ ఉండకూడదు మస్తానూ.
ప్రింట్లు పన్నెండు. కలెక్టరు గారికొకటి.
వియ్యాలవారికి వేరే అక్కర్లేదు,
వాళ్లూ వీళ్లే."

పెళ్లి రాజా వారిదే, రెండోది.
పిల్ల సొంత అక్క కూతురు.
భుజాన ఎక్కించుకుని కోటంతా తిప్పిన పిల్ల,
మావయ్యా మావయ్యా అంటూ
ఆయన మీసం పీకిన పిల్ల.
గుంటూరు బ్యాండు మేళం మూడు రోజులు వాయించింది.

ఐదు తరాలుగా పొలం గడప దాటకుండా
మేనమామలకీ మేనత్త కొడుకులకీ ఇచ్చుకుంటూ వచ్చారు.
ముక్కు కూడా గడప దాటలేదు.
గద్దముక్కు, కొసన చిన్న నొక్కు.
రాజా వారికుంది,
ఆయనకి అత్తగారైన అక్కగారికుంది,
ఎవరి ఒళ్లోనో ఏడుస్తున్న పసివాడికుంది,
వెనకాల గొడుగు పట్టుకున్న
వంటామె కొడుక్కీ ఉంది.
వాణ్ణి తీసెయ్యమని దివాను గారు అనలేదు.
గొడుగు పట్టేవాడి మొహం ఎవరు చూస్తారు!

"ఇంతకీ ఏం చేశారండీ వీళ్లు?"
ఆయన కిటికీ దాకా వెళ్లి తొంగిచూసి వచ్చారు.
"జానకయ్యమ్మ, ఆ జగ్గభూపతి...
అన్నదమ్ముల బిడ్డలు.
తెనాల్లో మెయిలెక్కి మద్రాసు పోయారు.
అన్నాచెల్లెళ్లు మస్తానూ, అన్నాచెల్లెళ్లు!"
ఆ మాటని ఉమ్మేసి
ఉత్తరీయంతో మూతి తుడుచుకున్నారు.

నేను తల వంచుకున్నాను.
మా మహబూబ్‌బీ మా చిన్నాన్న కూతురు.
ఖాజీ గారు చదివించిన నిఖా,
ఆనందపేట అంతా పలావు తిని దీవించి వెళ్లింది.
అక్క కూతురంటారా,
మా ఇళ్లల్లో అది కూతురే.
ఆ మాటా నేను పైకి అనలేదు.
బయానా ఐదు రూపాయలు బల్ల మీద ఉన్నాయి.

మొహం గీకేటప్పుడు ముందు కళ్లు తీసెయ్యాలి.
కళ్లుంటే చెయ్యి ఆగుతుంది.
తర్వాత పెదాలు, చెంపలు,
చివరికి ముక్కు.
ఊదితే లేచిపోయేంత పొడి,
ఒక మనిషికి.

జానకయ్యమ్మ చోట
పాత పలకలోంచి వాళ్ల మేనత్త కూతురి తల తెచ్చి అతికాను.
మెడ సరిపోయింది. ముక్కు సరేసరి.
అతని చోట కోట స్తంభం వేశాను.
పన్నెండు ప్రింట్లూ పట్టుకెళ్లారు,
ఏ ఒక్కరూ ఇదెవరని అడగలేదు.
అతికిన ఆ పిల్ల కూడా
తను అక్కడ కూర్చున్నాననే అనుకుందట.

ఒకటి మాత్రం ఉండిపోయింది,
మరిచిపోయానో వదిలేశానో ఇప్పుడు చెప్పలేను.
ఆమె కుర్చీ వీపు మీద నాలుగు వేళ్లు.
స్తంభానికి వేళ్లుండవు.

ఆ రాత్రి అన్నం దగ్గర
మహబూబ్‌బీ చెంబుతో నీళ్లు పోస్తూ
"గోళ్లేంటి ఇంత నల్లగా?" అంది.
వెండి మందు మరక, నీళ్లకి పోదు.
"ఎవరో అన్నాచెల్లెళ్లులే" అన్నాను.
కథంతా విన్నది.
పచ్చిమిరపకాయ తొడిమ తుంచి నా కంచంలో వేసింది.
"నిఖా రోజు పొద్దుటిదాకా
నేను మాత్రం నిన్ను భాయ్ అనేగా పిలిచింది?"
నవ్వబోయి ఆగి,
లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టొచ్చి,
అప్పుడు నవ్వింది.