చుక్కలు లేని మాట

మార్కాపురంలో, మా షెడ్డు వెనక,
పగిలిన పలకల గుట్ట మీద కూర్చుని
మౌలాబీ అడిగింది:
"పట్టాళంలో ఏం పని చేశావన్నా?
తుపాకీ పేల్చావా?"

పేల్చాను గానీ
నా అసలు పని చీటీలు కట్టడం.

నవ్వింది.
చేతిలో చెక్క బద్దీ, ఒళ్ళో బొడిపె మేకులు,
కనురెప్పల మీద దాకా పలక పొడి.

డెబ్బై ఒకటి, డిసెంబరు.
జానెడు లేచిన గోధుమ పైరులో
తెల్లారేసరికి కాల్పులు ఆగాయి.
సుబేదారు నన్నే పిలిచాడు,
పలకల ఊరోడివి, రాత కుదురుగా ఉంటుందని.
ఆయన చెప్పింది ఇంతే:
ఒకడి జేబులోది ఇంకొకడి దాంతో కలపొద్దు.
మడత విప్పొద్దు. నెత్తురు తుడవొద్దు.
కాగితం మీద గీత గీయొద్దు,
రాసేదంతా చీటీ మీదే.
ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర,
బతికున్నాడా లేదా.
"గుర్తుగా ఉంటుందని దువ్వెన ముక్క దాచుకున్నా సరే,
ఒక సాక్షి నోరు నొక్కినట్టే."

శవాల దగ్గర వంగి వంగి
మధ్యాహ్నానికి నడుము పట్టేసింది.
మేప్ దొరికితే ఆఫీసర్ల మొహాలు వెలిగేవి.
నాకేమో సబ్బు ముక్కల దగ్గర చెయ్యి ఆగేది:
ప్రతివాడి సబ్బూ
వాడి చేతికి తగినట్టు అరిగి ఉంటుంది కదా.

ఏడో నంబరు.
కుడి జేబులో తాళంచెవి, తాడు కట్టింది.
ఎడమ జేబులో వక్క, సగం కొరికింది.
లోపలి జేబులో ఉత్తరం.
రాత్రి మంచుకు తడిసి నాలుగు మడతలూ అతుక్కుపోయాయి,
పైమడత మీద
ఒకే ఒక్క మాట కనపడతా ఉంది.

తాళంచెవి రాశాను. వక్క రాశాను.
"ఉత్తరం ఒకటి, తడిసినది" అని రాశాను.
సంచి మూతి తీగతో బిగించాను.
జీపు వచ్చి తీసుకుపోయింది.
దేన్నీ దాచుకోలేదు,
ఆ మాట ఆకారాన్ని తప్ప.
చీటీలో దానికి గడి లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆమె ముందు
మూల విరిగిన పలక ఒకటి తీసి
బలపంతో గీశాను, కుడి నుంచి ఎడమకి.
కొక్కెం లాంటి ఒక వంపు,
చిన్న పన్ను,
కిందికి జారిన కొడవలి.

మౌలాబీ వాళ్ళ నాన్న మసీదులో చదువు చెప్పినాయన.
పలక దగ్గరికి పెట్టుకుంది, దూరం పెట్టింది.
"చుక్కలేవన్నా?"

చుక్కలా?

"మీ సున్నల్లాంటివే. నంది లోంచి సున్న చెరిపితే
నది అయిపోదూ? ఇదీ అంతే.
ఇక్కడొకటి, ఇక్కడ రెండు పెడితే ఖైర్, అంటే క్షేమం.
రెండోచోట ఒక్కటే పెడితే ఖబర్, మీరనే కబురు.
ఇట్టా మూడు, ఇట్టా రెండు, తోక మీదొకటి పెడితే
చీజ్, అంటే వస్తువు.
ఇంకోటి కూడా ఉంది. జబర్.
బలవంతం."

మంచుకు కొట్టుకుపోయాయేమో చుక్కలు.
నా కళ్ళే వదిలేశాయేమో.
నాలుగు మాటలు ఒక్క ఎముకల గూటిలో
నాతో పాటు గిద్దలూరు దాకా రైల్లో వచ్చి,
నా పెళ్ళి చూసి,
పలక పొడికి నాతో పాటు దగ్గి...

బలపం ఆమె చేతిలోనే ఉంది.
"ఏది పెట్టమంటావు?"
క్షేమం అంటే బాగుండేది. నోటిదాకా వచ్చింది కూడా.
ఇంట్లోవాళ్ళు రాసే మొదటి మాట అదే కదా, ఎవరికైనా.

వద్దు, గీయొద్దు అన్నాను,
కాస్త గట్టిగానే.
ఆమె బలపం కింద పెట్టేసింది.

ఆ పలక్కి చీటీ కట్టాలనిపించింది.
దొరికిన చోటు: పలకల షెడ్డు, మార్కాపురం.
వేళ: మధ్యాహ్నం సద్ది తిన్నాక.
ఎవరి దగ్గర: నా దగ్గర.
బతికున్నాడా లేదా

లోడు లారీ హారన్ కొట్టింది.
గ్రోసుల లెక్క చూడ్డానికి లేచాను.