తొంభై ఏడు గజాలు

గజమంటే నాకు బట్ట కొలత.
ఆ వేసవి దాకా అంతే తెలుసు.

మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు.
వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇరుక్కున్న కోర్బిన్స్ ఫెర్రీ,
పంతొమ్మిది వందల అరవై ఆరు.
సోఫాలమ్మే డెల్మర్ హాకిన్‌బెర్రీ
నా కుట్టుమిషను మీద నలభై జెర్సీలు కుమ్మరించి
"ఫుట్‌బాల్ జట్టు పెట్టాను డెనీజ్, అంకెలు కుట్టు" అన్నాడు.
అప్పటికి జట్టంటే ఆ జెర్సీలే.
మనుషులు తరవాత దొరికారు:

గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు ఊదే జెఫిరిన్ లాంబియోట్,
అతని ఛాతీకి నా టేపు చాల్లేదు;
సమాధులు తవ్వే హార్లన్ స్టైప్;
డ్యూటీ ఉన్న రాత్రి
హెల్మెట్ కింద పోలీసు చొక్కాతోనే ఆడే వెండెల్;
బొగ్గు కడిగే ప్లాంటు నుంచి రాస్కో టాలివర్,
పరుగు చూసి మెచ్చుకున్న కాలేజీలు
రంగు చూసి ఉత్తరం రాయడం మానేశాయి.

గెలిస్తే పదిహేను డాలర్లు, ఓడితే పది.
పదులే ఎక్కువ.

జట్టు పేరు గ్లాస్‌బ్లోయర్స్.
"తగిలితే పగుల్తారా?" అని నవ్వేవాళ్లు వచ్చినవాళ్లు.
పగిలేవాళ్లు కూడా. సోమవారం మళ్లీ
అతుక్కుని కొలిమి ముందు నిలబడేవాళ్లు.

ఆరు కుట్టడానికి ఫెల్ట్ అయిపోయింది,
మిగిలిన తొమ్మిదిని తిరగేసి రాస్కో వీపుకి కుట్టాను.
అవతలివాళ్లు అతన్ని ఎత్తి కుదేసి
కాళ్లు ఆకాశానికి లేచినప్పుడల్లా
అతను అసలు అంకె అయ్యేవాడు.
"నీ వల్లే పడుతున్నా, దర్జీ" అనేవాడు లేచి.

నాలుగు ప్రయత్నాలు, పది గజాలు.
దాటితే ఇంకో నాలుగిస్తారు, లేకపోతే బంతి వాళ్లది.
ఈ ఆట నాకు అర్థం కావడానికి ఒక్క పూట పట్టలేదు,
జీతం రోజు దాకా ఇల్లు నడిపినదాన్ని.

ఒక ఆదివారం జెండాలు పాతడానికి మైదానం కొలిచాను.
రైలు కంచె నుంచి ఏటి గట్టు దాకా
తొంభై ఏడే వచ్చింది. మళ్లీ కొలిచాను. తొంభై ఏడే.
మా ఆయన ఎమీల్ అన్నాడు:
"గాజు చల్లారితే కుంచించుకోదూ? ఊరుకో."
ఊరుకున్నాను.

మొదటి ఏడు రెండు గెలుపులు.
అందులో ఒకటి, అవతలి జట్టు బస్సు
కొండ మలుపులో దారి తప్పి రాకపోవడం.
టికెట్టు కొన్న జనం కదల్లేదు.
మావాళ్లు రెండుగా చీలి
వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు వర్షంలో.
అంత బాగా ఇంకెప్పుడూ ఆడలేదు.

రెండో ఏడు, నాలుగో ఆట, అక్టోబరు.
మూడు పాయింట్ల ముందంజలో ఉన్నాం, నమ్మండి.
మూడో ప్రయత్నం. బంతి రాస్కో చంకలో.
అప్పుడు దీపాలు ఆరిపోయాయి.
డెల్మర్ కరెంటు బిల్లు కట్టి నాలుగు నెలలైందట.

చీకట్లో బూట్ల చప్పుడు, ఎగశ్వాసలు,
ఎవరో "అమ్మా" అన్నారు, ఏ భాషలోనో.
జనం కార్ల దగ్గరికి పరిగెత్తి లైట్లు వేస్తే
రాస్కో మోకాలి లోతు ఏట్లో కూర్చుని ఉన్నాడు,
బంతి ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లలా.
లేని ఆ మూడు గజాలూ కూడా పరిగెత్తేశాడు.

"చీకట్లో జరిగింది లెక్కకు రాదు" అన్నాడు రెఫరీ.
మర్నాడు సోఫాల షాపుకి తాళం.
చెక్కులు చెల్లలేదు.

ఒక్కొక్కరే వచ్చారు నా దగ్గరికి,
అంకె విప్పమని, పిల్లాడు బడికి వేసుకుంటాడని.
దారం లాగేస్తే అంకె ఊడొచ్చేది,
దాని కింద ఎండ తగలని నీలం
అదే అంకెగా మిగిలేది.
ఉతికితే పోతుందన్నాను. పోలేదు.

రాస్కో మాత్రం రాలేదు.
ఏటి బురద అంటిన ఆ తిరగేసిన తొమ్మిది
ఎక్కడుందో నాకు తెలీదు.

డెల్మర్ ఫ్లోరిడాలో ఉన్నాడని విన్నాను.
నలభై జెర్సీలు, ఇరవై రెండు డాలర్లు.
బాకీ బాకీయే.