ఐదున్నర గంటలు

పర్లాకిమిడిలో రాత్రి పదింటికి
మందుల షాపు షట్టరు దించి
లాప్‌టాప్ తెరుస్తాను.
పగలంతా స్ట్రిప్పుల వెనక గడువు తేదీలు వెతికిన కళ్ళు
ఇప్పుడు పుస్తకాల పుట్టినరోజులు వెతకాలి.

మూడొందల పన్నెండు పుస్తకాలు.
అన్నీ కిందటి శ్రావణంలో
ఒకే మంగళవారం అచ్చయ్యాయట.
అది నేను వాటిని పెన్‌డ్రైవ్‌లోంచి దింపుకున్న రోజు.
యంత్రానికి తాను చూసిందే పుట్టుక.

ఒక్కొక్కటే సరిచేస్తున్నాను.
దీనికి సంవత్సరంలో చివరి అంకె ఉండాల్సిన చోట
చెదపురుగు చిల్లు.
దీని మీద "రౌద్రి" అని ఒక్క మాట.
అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చేదాన్ని
ఏ రౌద్రివని అడగను?
వెల చూశాను: ఆరణాలు.
అయితే మా అన్న పుట్టిన రౌద్రి కాదు, దాని ముందుది.
1920 కొట్టాను.
నెల, రోజు చెప్పకపోతే
జనవరి ఒకటి తనే వేసేసుకుంటుంది,
బడిలో చేర్చుకునేటప్పుడు మా మేష్టారు
వరసగా అందరికీ జూలై ఒకటి వేసినట్టు.

సనపల లింగమూర్తి గారి పద్యాలకు మాత్రం
పూర్తి తేదీ ఉంది.
ఈ ఊరి ప్రెస్సే.
ఏప్రిల్ ఒకటి, 1936.
ఊరు ఒరిస్సాలో కలిసిన రోజు.
ఆ రోజే ఎందుకో ముందుమాటలో చెప్పలేదాయన,
కాగితం కరువు గురించి మాత్రం రెండు పేజీలు రాశారు.

కొట్టి, సేవ్ చేసి, మళ్ళీ తెరిస్తే
మార్చి ముప్పై ఒకటి.
మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అంతే.

పక్కన జెరాక్సు షాపు దయానిధి పాఢి
సగం ఒడియా, సగం మన మాట కలిపి నవ్వాడు:
"దానికి లండన్ టైమే తెలుసు భాయి,
మన అర్ధరాత్రి దానికింకా నిన్న సాయంత్రం ఆరున్నర."

ఐదున్నర గంటలు.
పుస్తకం లేచి
ఒరిస్సాలోంచి మద్రాసులోకి నడిచిపోయింది.
దీనికోసమేనా మా పెద్దాళ్ళు
అన్ని అర్జీలు రాసి, అన్ని సంతకాలు పోగేసి,
రైలు టిక్కెట్లకు అప్పులు చేసింది?

"మధ్యాహ్నం పన్నెండు పెట్టు," అన్నాడు పాఢి,
"ఎటు లాగినా ఆ రోజులోనే ఉంటుంది."
పెడతాను.
రేపు పెడతాను.
ఈ ఒక్క రాత్రి ఆయన్ని
నిన్నటి సాయంత్రంలో కూర్చోనీ.

తర్వాతి పుస్తకానికి మొదటి పేజీ లేదు, చివర ప్రెస్సు పేరూ లేదు.
అట్ట లోపల నీలిసిరా:
"చదవడం అయింది. వాన ఇంకా తగ్గలేదు."

తేదీ గడిలో కర్సరు కొట్టుకుంటోంది.