గుల్లసున్నం

వాన మొదలైంది.
బడి డాబా మీద తవిటినాయుడు
మూడు గాజు బీకర్లు వరసగా పెట్టి
గాలికి దొర్లిపోకుండా ఇటుకలు పేర్చి
నెత్తిన గోనె కప్పుకుని కాపలా కూర్చున్నాడు.
"మబ్బుకి పరీచ్చ పెడతన్నాం గదండీ మేష్టారూ!"

నేను మేష్టార్ని కాను.
ల్యాబులో సీసాలు కడిగేవాణ్ణి.
ఇరవై రెండేళ్ళుగా మూతలు తీసి, మూతలు పెట్టి
వేళ్ళ కొసలు పసుపెక్కినవాణ్ణి.

చంపావతి అవతలి గట్టున అసిరమ్మ బట్టీ.
ఏటి గుల్లలు ఏరి, పొరకో పొర బొగ్గు పరిచి
రాత్రంతా కాల్చి
తెల్లారి నీళ్ళు చిలకరిస్తే
బుస్సుమని విచ్చుకునే సున్నం.
మొన్న గురువారం సంతలో నన్ను ఆపింది.
గుప్పెడు గుల్లలు అరచేతిలో పోసి
"నొక్కి సూడు బాబూ" అంది.
అప్పడాల్లా విరిగాయి.
"మాయమ్మ నాడు రోకలెట్టి దంచీవోళ్ళం.
ఈటికి ఏ రోగమొచ్చినాదో సెప్పు,
నువ్వు సదూకున్నోడివి."

పులుపు మాకు కొత్త కాదు.
గోంగూర, చింతచిగురు, కుండలో తరవాణి
పులుపు మీదే పెరిగాం.
ఇది మేం తినే పులుపు కాదు.
మమ్మల్ని తినే పులుపు.

బొగ్గులో గంధకం నిద్రపోతుంటుంది.
కాలిస్తే లేస్తుంది.
లారీ ఇంజన్లూ, కొలుముల వేడీ
ఊరికే ఉన్న గాలిని కూడా మండిస్తాయి.
రెండు పొగలూ మబ్బులో నానితే
నేను పై అరలో, ఎడమ పక్కన
తాళం వేసి దాచే ఆ రెండు సీసాలే
ఏ తాళమూ లేకుండా
ఆకాశంలో తయారవుతాయి.

మొదట్లో ఫ్యాక్టరీ గొట్టం పొట్టిది.
పక్క పేటలో ఆరేసిన బట్టలు నల్లబడేవి.
జనం గేటు ముందు బైఠాయించారు.
కంపెనీ వాళ్ళు విన్నారు.
గొట్టాన్ని ఇంకో ఇరవై నిలువులు లేపారు.
బట్టలు తెల్లబడ్డాయి, లడ్డూలు పంచారు.
నేనూ ఒకటి తిన్నాను.
పొగ ఎటు పోయిందని అడగలేదు.
అది రెండు మూడు రోజులు గాలిలో నడిచి
ఎవరి ఊళ్ళోనో వానై దిగుతుంది.
మా మీద కురిసేది ఏ ఊరి గొట్టమో,
మా గొట్టం ఎవరి గోగుచేలో
ఆకాకుకీ మచ్చలు పొడుస్తోందో.

నేల ముందు ఓర్చుకుంటుంది.
కొంగున ముడేసుకున్న సున్నం తీసి
పడ్డ ప్రతి చుక్కకీ చెల్లిస్తుంది.
ముడి ఖాళీ అయ్యాక
మట్టి పట్టి ఉంచిన అల్యూమినియం జారి
వేళ్ళలోకి, చేపల మొప్పల్లోకి పోతుంది.
చెరువు అద్దంలా తేరుకుంటుంది.
ఎంత శుభ్రంగా ఉందో అంటారు చూసినవాళ్ళు.
నాచు లేదు. పిల్ల లేదు.
గుడ్డు గుడ్డుగానే ఉండిపోయింది.

వాన తెరిపిచ్చింది.
కాగితం ముంచాడు తవిటినాయుడు.
పండిన జీడిమామిడి రంగు.
చార్టులో నాలుగున్నర.
"మామూలు వాన అయిదున్నర ఉంటుందిరా."
"ఒక్క మెట్టే గదండీ?"
"మెట్టుకి పదింతలు."
వాడు నోట్సులో సున్నా చుట్టి
దాని ముందు ఒకటి వేసి, దాన్నే చూస్తున్నాడు.

జేబులో పొట్లం ఉంది.
అసిరమ్మ సున్నం, చిటికెడు.
రెండో బీకర్లో కలిపాం.
కొత్త కాగితం పచ్చబడింది.
"ఆకాశానికి ఎన్ని చిటికెలండీ?"

విజయనగరం పోయే ఆఖరి బస్సు హారన్ కొడుతోంది.
నేను ఎక్కలేదు. వంతెన దాటి వెళ్ళాను.
అంతా చెప్పాను, వచ్చినట్టు చెప్పాను.
ఆమె బట్టీ వైపు చూసింది.
"మరి నా బొగ్గు పొగా?
అదీ ఉన్నాదా అందులో?"

కొంచెం, అన్నాను.
చాలా కొంచెం.

ఆమె ఏమీ అనలేదు.
తట్టలో గుల్లల్ని ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి చూసి
ఇంకా లోపల ప్రాణం ఉన్నవాటిని
పక్కకి తీయడం మొదలెట్టింది.