మణికట్టు

మొదటి రోజు
"గుంటలూ, బేగి రండి" అన్నాను.
అందరూ కాళ్ల కింద నేల చూసుకున్నారు,
గుంట ఎక్కడుందోనని.

పార్వతీపురం నుంచి ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం.
తెచ్చుకున్నవి ఒక విజిలు,
పన్నెండేళ్లుగా నమ్మిన ఒక పట్టు:
వేళ్లలో వేళ్లు జొనిపి గొలుసు కట్టడం.

కూతకెళ్లే వాళ్లని మునిరత్నం సార్ చూసుకుంటాడు.
పేపర్లో ఫొటోలు వాళ్లవి.
నా చేతికిచ్చింది పట్టే వాళ్లని,
మూలల్ని, కవర్లని,
పేరు అచ్చుకాని మోకాళ్లని.

చిత్తూరులో జూన్.
గుజ్జు ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే
గ్రౌండంతా తోతాపురి పులుపు, ఈగలు.
ఈగని మింగి కూత ఆపకపోవడం
ఇక్కడి మొదటి పాఠమట.
నాకెవరూ చెప్పలేదు.

కుడి కవర్ మొగిలీశ్వరి రోజూ ఆలస్యం.
తెల్లారకముందే పాల కేంద్రంలో క్యాన్లెత్తి
అటు నుంచి అటే వస్తుందని తెలీక
రెండు రౌండ్లు వేయించాను.
మారుమాట లేకుండా పరుగెత్తింది.
షమీమ్ మాత్రం నా వైపు చూసింది
ఉప్పెక్కువైన కూరని చూసినట్టు.

మూడో వారం తిరుపతి వాళ్లతో మ్యాచ్.
నేను చెప్పినట్టే వేళ్లు జొనిపారు.
వచ్చిన పిల్ల నేరుగా గొలుసు మధ్యకే దూకింది.
టప్.
గొలుసు తెగలేదు.
మొగిలి వేలు విరిగింది.

కట్టు కట్టించుకుని తిరిగొస్తూ ఆటోలో అంది:
"మేం ముందునించీ మణికట్టే పట్టుకుంటాం సార్,
క్యాను పిడి పట్టినట్టు.
ఏలయితే ఇరగతాది."
"మరి చెప్పలేదేటి?"
"మీరు అడగలా కదా సార్."

ఆ రాత్రి గదిలో లైటు తీసేసి
నా ఎడమ మణికట్టుని నేనే పట్టుకుని చూశాను.
నాడి తగిలింది.
పన్నెండేళ్లు వేళ్లు జొనిపించాను,
ఎప్పుడూ తగలలేదు.

ఇప్పుడు ప్రాక్టీసు ఆరున్నరకి,
పాల వ్యాను వెళ్లాక.
నేనింకా గుంటలూ అనే పిలుస్తాను.
వాళ్లింకా నేల చూస్తారు,
కావాలనే, అందరూ ఒకేసారి.

నిన్న ఒకరు తక్కువయ్యారు.
మొగిలి గట్టు మీద కూర్చుని
కట్టున్న చేత్తో నాకు చోటు చూపించింది.
వెళ్లి నిలబడ్డాను.
షమీమ్ నా మణికట్టు అందుకుంది, గట్టిగా,
క్యాను నిండుగా ఉన్నట్టు.
"మోకాళ్లు ఇంకొంచెం వంచండి సార్" అంది.